వీసా కాగితం చదివేదెవరు?

డోన్ జంక్షన్‌లో రైలు కొరకు వేచి ఉండే ప్రయాణికులను గమనించడం నాకు చిరకాలపు అలవాటు. కర్నూలు వైపు, గుంతకల్లు వైపు, నంద్యాల వైపు పోయే మార్గాలు ఇక్కడ కలుస్తాయి. పూర్వం అరబ్బు దేశాలకు పోయేవారు ఇక్కడి నుండి గుంతకల్లు చేరి, అక్కడ బొంబాయి రైలు ఎక్కేవారు. ఇప్పుడు శంషాబాదుకో బెంగుళూరుకో చేరి విమానం ఎక్కుతున్నారు. మార్గం మారినది కాని మనుషులు మారలేదు. పెట్టె మీద పేరు, ఊరు రంగుతో వ్రాయించుకొని, దానికి నాలుగు చుట్లు తాడు బిగించి, ప్రక్కన తల్లినీ తమ్ముళ్లనూ నిలబెట్టుకొని ఉండే ఆ ఇరువది రెండేండ్ల యువకుని జేబులో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో పాస్‌పోర్టు, టిక్కెట్టు, వీసా కాగితం ఉంటాయి. ఆ మూడింటిలో మొదటి రెండూ అతడు చదివి ఉంటాడు. మూడవది చదివినవాడు మాత్రం సాధారణంగా ఆ ప్లాట్‌ఫారం మీద ఒక్కడూ ఉండడు.

ఈ వ్యాసం ఆ మూడవ కాగితాన్ని గురించి.

వలసను గురించి మన పత్రికలలో వ్రాసేవారు రెండు విధాలుగా వ్రాస్తున్నారు. ఒకరు కరవు సీమ కన్నీటి గాథ చెబుతారు. మరొకరు డబ్బు మీద ఆశతో మోసపోయిన అమాయకులను చూచి జాలిపడతారు. రెండింటిలోనూ కొంత నిజం లేకపోలేదు. అయితే ఐ.టి.ఐ.లో శ్రమించి ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, వెల్డర్ పనులు నేర్చుకున్న యువకుడు తన పనికి ఎక్కువ వెల పలికే చోటికి పోవడం ఆశ ఎట్లా అవుతుంది? బేతంచెర్ల బండ పరిశ్రమలో కోత యంత్రం నడిపేవాడు అదే నైపుణ్యంతో మస్కట్‌లో నాలుగింతలు సంపాదించగలిగితే పోవద్దనే హక్కు మనకు లేదు. పోవడంలో తప్పు లేదు. ఏ షరతుల మీద పోతున్నాడో అతనికి తెలియకపోవడమే తప్పు. ఆ తప్పులో చదువుకున్న మనకందరికీ పాలు ఉన్నది. నాకు ఎంత పాలు ఉన్నదో ముందు చెప్పి తరువాత మిగిలిన సంగతులు చెబుతాను.

2016 వేసవిలో ఒక సాయంకాలం మా పూర్వ విద్యార్థి ఒకడు ఇంటికి వచ్చినాడు. పదవ తరగతి తరువాత ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ కోర్సు ముగించి, రెండేండ్లు స్థానికంగా వైరింగ్ పనులు చేసినవాడు. కువైట్‌కు వీసా వచ్చిందనీ, మరునాటి రాత్రి ప్రయాణమనీ, ఆశీర్వదించమనీ అన్నాడు. ఏజెంటుకు లక్షా ఇరవై వేలు ఇచ్చినారట. తల్లి గాజులు కుదువ పెట్టగా వచ్చినది కొంత, మిగిలినది నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినది. కాగితం చూపమన్నాను. సగం అరబ్బీ, సగం ఇంగ్లీషు. ఇంగ్లీషులో పేరు, పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ సరిగానే ఉన్నవి. వృత్తి అన్న చోట అరబ్బీలో మాత్రమే ఒక చిన్న మాట ఉన్నది.

ఆ వీధిలోనే ఉన్న మా ఉర్దూ శాఖ సహాధ్యాపకుని వద్దకు ఇద్దరమూ వెళ్లినాము. ఆయన కళ్లద్దాలు సవరించుకొని చూచి, "ఇది రాయీ అండీ. గొర్రెల కాపరి," అన్నారు. ఒక నిమిషం ముగ్గురమూ మాట్లాడలేదు. తరువాత ఆయన, అలవాటు చొప్పున కాబోలు, ఆ మాట పుట్టుక చెప్పినారు. కాపరి రాయీ అయితే అతడు కాచే మంద రయ్యత్. రాజు కాపరి, ప్రజలు మంద అన్న భావంతో అది ప్రజలకు పేరైనది. ఆ ప్రజలలో పన్ను కట్టే సేద్యగాడు రయతు అయి, తెలుగులోకి వచ్చి రైతు అయినాడు. మన సీమలో నిత్యం వాడుకునే మాట అంత దూరం నుండి నడిచి వచ్చిందని నాకు అంతకు మున్ను తెలియదు. ఆ పూట తెలిసినందుకు సంతోషించే స్థితిలోనూ లేను.

యువకుడు మాత్రం చలించలేదు. "ఏజెంటు చెప్పినాడు సార్, కాగితంలో ఏముంటే ఏమి, అక్కడికి పోయినంక కరెంటు పనే ఇప్పిస్తాడంట," అన్నాడు. ఊరిలో తెలిసిన న్యాయవాదికి ఫోను చేసినాను. ఇది ఢిల్లీ వ్యవహారం, ఇక్కడ మేము చేయగలిగినది లేదు అన్నాడాయన. నేనూ అంతటితో ఊరకున్నాను. మరునాడు అతడు రైలు ఎక్కినాడు. పదకొండు నెలలు ఎడారిలో గొర్రెల వెంట తిరిగి, నాలుగు నెలల జీతం వదులుకొని తిరిగి వచ్చినాడు. గాజులు విడిపించడానికి ఆ కుటుంబానికి మరి మూడేండ్లు పట్టినది. నేను ఆ రాత్రి చేయగలిగినది ఏమీ లేదని చాలా కాలం నమ్మినాను. చట్టం తెరచి చదివిన తరువాత ఆ నమ్మకం నిలువలేదు.

ఆ చట్టం 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం. దాని పూర్వరూపం 1922 నాటిది. అంతకు ముందు కథ మరింత పాతది. మద్రాసు రేవు నుండి బయలుదేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరినప్పుడు అందులో మన తెలుగువారు కూడా ఉన్నారు. ఆ కూలీలకు ఒప్పంద పత్రం ఉండేది, దానిని పర్యవేక్షించవలసిన సంరక్షకుడనే అధికారి ఉండేవాడు, మధ్యలో ఊరూరా తిరిగి మనుషులను పోగుచేసే దళారి ఉండేవాడు. బర్మాకు పోయిన తెలుగు కూలీల నడుమ అదే స్థానంలో మేస్త్రీ ఉండేవాడు. నేటికీ ఆ మువ్వురూ ఉన్నారు. హైదరాబాదులో ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం ఉన్నది. ఒప్పందం కంప్యూటరుకు ఎక్కినది. దళారి స్కూటరు మీద తిరుగుతున్నాడు.

1983 చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వం వద్ద నమోదు కానివాడు విదేశీ ఉద్యోగానికి మనుషులను కుదర్చరాదు. నమోదైన ఏజెంటుకు ఒక రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఆ నంబరును ఎవరైనా సరిచూచుకోవచ్చును. అతడు తీసుకొనదగిన రుసుముకు పరిమితి ఉన్నది. మా విద్యార్థి పోయిన నాటి నియమం ప్రకారం అది ఇరవై వేల రూపాయలకు మించరాదు. ఇప్పుడు ముప్పై వేలు, దాని మీద జి.ఎస్.టి. రశీదు ఇవ్వవలెను. లక్షా ఇరవై వేలు అన్న క్షణంలోనే నేరం రుజువైనట్లు. మేమెవ్వరమూ దానిని నేరమని గుర్తించలేదు, కువైట్ వీసాకు అది బజారు ధర అనుకున్నాము. నమోదైన ఏజెంటు పేరు చెప్పుకొని ఊళ్లలో తిరిగే సబ్ ఏజెంటుకు చట్టంలో స్థానమే లేదు. మన ప్రాంతపు వారిలో ఎక్కువమందికి తెలిసిన ఏజెంటు మాత్రం అతడే. అతడు తరచుగా మేనమామ వరసో, ప్రక్క ఊరి పరిచయస్థుడో అవుతాడు. పోలీసు స్టేషను వరకు పోవడానికి మొగమాటం అడ్డు వస్తుంది.

ఈ చట్టంలో ఒక చిన్న వాక్యం నన్ను ఎక్కువగా బాధించినది. ఈ నేరాలకు విచారణ జరపాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావలెనని 27వ సెక్షను చెబుతున్నది. న్యాయవాది ఢిల్లీ వ్యవహారం అన్నది దీనిని గురించే కావచ్చు. కాని ఆ సెక్షను అక్కడితో ఆగలేదు. ఫిర్యాదు చేసేది వలసపోయిన మనిషే అయినా, పోదలచినవాడే అయినా, అతని తరఫున తల్లి, తండ్రి, భార్య, భర్త, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు వంటి వారైనా ఆ అనుమతి అక్కరలేదు. అనగా గాజులు కుదువ పెట్టిన ఆ తల్లి డోన్‌లోనే ఫిర్యాదు ఇచ్చి ఉండవచ్చును. మోసానికి సంబంధించిన శిక్షాస్మృతి సెక్షన్లు వేరుగా ఉండనే ఉన్నవి. చట్టం ఆమె కొరకు ఒక తలుపు తెరచి ఉంచినది. అది తెరచి ఉన్నదని ఆమెకు చెప్పవలసిన వారిలో నేనొకడిని.

ఇక పదవ తరగతి సంగతి. మన విద్యార్థులు దీనిని శ్రద్ధగా గమనించవలెనని కోరుతున్నాను. పదవ తరగతి ఉత్తీర్ణుడు కానివాని పాస్‌పోర్టును ఈ.సి.ఆర్. తరగతిలో ఉంచుతారు. గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు అతడు ఉద్యోగానికి పోవాలంటే ప్రొటెక్టర్ అనుమతి కావలెను. అనుమతికి ముందు ఒప్పందం, జీతం, యజమాని వివరాలు చూస్తారు. పది లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. దాని ప్రీమియం రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయలు మాత్రమే. పదవ తరగతి గట్టెక్కినవానికి ఈ అనుమతి అక్కరలేదు. చదువుకున్నవాడు తన మంచిచెడ్డలు తానే చూసుకుంటాడని ప్రభుత్వం ఉద్దేశించినది. వినడానికి గౌరవంగా ఉన్నది. ఫలితం మాత్రం విపరీతంగా ఉన్నది. నిరక్షరాస్యుడైన కూలీ కాగితాన్ని ఒక అధికారి అయినా చూస్తున్నాడు. ఐ.టి.ఐ. చదివిన నిపుణుని కాగితాన్ని చూసే నాథుడు లేడు. మా విద్యార్థి పదవ తరగతి మొదటి శ్రేణిలో పాసైనాడు. ఆ సర్టిఫికెట్టే అతని కాగితాన్ని ప్రొటెక్టర్ బల్ల దాకా పోనీయలేదు.

ఈ తరగతివారు కూడా ప్రయాణానికి ముందు ఈ-మైగ్రేట్‌లో నమోదు చేసుకొనవలెనని 2018 నవంబరులో కేంద్రం ఒక ఉత్తర్వు ఇచ్చినది. గందరగోళం రాగా ఆ నెలలోనే నిలిపివేసినది. నమోదు ఇప్పుడు ఐచ్ఛికం. ఐచ్ఛికమైన దానిని మన ఊళ్లలో ఎందరు చేస్తారో చెప్పనక్కరలేదు. నర్సుల విషయంలో మాత్రం ప్రభుత్వం వేరు దారి పట్టినది. కేరళ నర్సుల నుండి లక్షల రూపాయలు గుంజిన నియామకాల బాగోతం బయటపడిన తరువాత, 2015 నుండి ఎంత చదివిన నర్సుకైనా ఆ 18 దేశాలకు అనుమతి తప్పనిసరి చేసినారు. నర్సుకు అవసరమైన రక్షణ ఎలక్ట్రీషియన్‌కు ఎందుకు అక్కరలేదో నాకు ఎంత ఆలోచించినా బోధపడలేదు.

కువైట్‌లో ప్రైవేటు సంస్థల ఉద్యోగానికి ఇచ్చేది 18వ నంబరు వీసా, ఇంటి పనికి ఇచ్చేది 20వ నంబరు వీసా. రాయచోటి, రాజంపేట, కోడూరు ప్రాంతాలలో చిన్నపిల్లలు కూడా ఈ నంబర్లు చెబుతారు. నంబరు తెలియడం వేరు, దానిలోని బంధం తెలియడం వేరు. అకామా మీద ఎవరి పేరు కఫీల్‌గా ఉన్నదో వాని వద్ద కాక వేరొకని వద్ద పని చేస్తే అది నేరం. ఆజాద్ వీసా అని అమ్మేది ఆ నేరాన్నే. కఫీల్‌ను వదలి బయట పడితే ఖల్లివల్లి అంటారు. ఆ మాట మనవాళ్లు నవ్వుతూ అంటారు గాని దాని అర్థం జైలుకూ విమానానికీ మధ్య నిలబడి ఉండడం. 2018లోనూ, 2020లోనూ, 2024లోనూ కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించిన ప్రతిసారీ మన జిల్లాల వారు బారులు తీరినారు. 2025 జూలై 1 నుండి 18వ నంబరు వారు ఆ దేశం విడిచి రావడానికి కూడా యజమాని అనుమతి అక్కడ తప్పనిసరి చేసినారు. ఇట్టి సంగతులు పోకముందు తెలియవలెనా, పోయినంక తెలియవలెనా?

పాస్‌పోర్టు విషయం ఒకటి చెప్పి ముందుకు పోతాను. 1967 నాటి పాస్‌పోర్టు చట్టం 17వ సెక్షను ప్రకారం పాస్‌పోర్టు ఎల్లప్పుడూ కేంద్ర ప్రభుత్వపు ఆస్తి. అది ఏజెంటు బీరువాలో ఉండవలసినది కాదు, కఫీల్ సొరుగులో ఉండవలసినదీ కాదు. జీతం బాకీ ఉండగా తిరిగి వచ్చినవారు అంతా అయిపోయిందనుకుంటారు. అట్లు కాదు. కువైట్ కార్మిక చట్టం ప్రకారం పని ముగిసిన ఏడాది లోపల దావా వేయవచ్చును, కార్మికునికి కోర్టు రుసుము లేదు. తన తరఫున నడిపించడానికి ఇక్కడి నుండే అధికార పత్రం వ్రాసి, విదేశాంగ శాఖ, ఆ దేశ రాయబార కార్యాలయం ముద్రలు వేయించి పంపవచ్చును. 2020లో కరోనా కాలాన వందే భారత్ విమానాలలో తిరిగి వచ్చినవారిలో జీతాలు, ఇతర బాకీలు అక్కడే వదలి వచ్చినవారు అనేకులు. ఈ పత్రం సంగతి తెలిసినవారు బహు స్వల్పం.

గల్ఫ్‌కు పోయేవారికే ఈ అవస్థ, అమెరికా పోయే ఇంజనీర్లకు కాదని మన కళాశాలలో కొందరు అనుకుంటారు. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయం బూటకమని తేలినప్పుడు చిక్కుకున్న విద్యార్థులలో అత్యధికులు మన ఆంధ్రప్రదేశ్ వారే. కొందరి కాళ్లకు నిఘా పట్టీలు కూడా కట్టినారు. హెచ్-1బి వీసాలు ఏటా 65,000, అక్కడ పై చదువు ముగించినవారికి మరొక 20,000. ఆ దరఖాస్తు పెట్టేది ఉద్యోగి కాదు, కంపెనీ. న్యాయవాదిని నియమించి ఫీజు ఇచ్చేది కూడా కంపెనీయే. కనుక చిక్కు వచ్చిన నాడు ఆ న్యాయవాది ఎవరి పక్షమో ఆలోచించుకొనవలెను. జీతం ఎంతో తెలిపే లేబర్ కండిషన్ అప్లికేషన్ ప్రతిని ఉద్యోగంలో చేరే నాటికి ఉద్యోగికి ఇవ్వవలెనని అక్కడి నియమం. ప్రాజెక్టు లేదని బెంచి మీద కూర్చోబెట్టినా జీతం చెల్లించవలెననీ నియమం. ఈ రెండూ తెలియక నెలల తరబడి జీతం లేకుండా స్నేహితుల గదులలో కాలం గడిపిన ఇంజనీర్లు నాకు తెలుసు. ఉద్యోగం పోతే అరవై రోజులలో మరొక దారి చూసుకొనవలెను. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించిన రాత్రి మనవాళ్లు పడిన ఆందోళన మరి చెప్పనక్కరలేదు. ఇంజనీరుకు ఇంగ్లీషు వచ్చును, గొర్రెల కాపరి వీసా మీద పోయినవానికి రాదు. కాగితం చదవకుండా సంతకం చేసే విషయంలో మాత్రం ఇద్దరూ ఒకే తల్లి బిడ్డలు.

ఇక సహాయం ఎక్కడ దొరుకుతుంది? ఇది నా వ్యాసంలో ముఖ్యమైన భాగం. ఢిల్లీలో అని కొందరు, లేదు, దొరకనే దొరకదని కొందరు అంటారు. నేను మన కోర్టు ఆవరణలోనే దొరకవలెనంటాను. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, మనుషుల అక్రమ రవాణాకు గురైనవారికి, ఆదాయ పరిమితికి లోబడిన పేదలకు ఉచిత న్యాయసేవ లభిస్తుంది. న్యాయసేవ అనగా కోర్టులో కేసు నడపడం మాత్రమే కాదు. ఏ న్యాయ విషయం మీదనైనా సలహా ఇవ్వడం కూడా న్యాయసేవే అని ఆ చట్టంలోని నిర్వచనం. వీసా ఒప్పందం న్యాయ విషయం కాక మరేమిటి? మండల న్యాయసేవాధికార సంఘాలు భూతగాదాలు, భరణం, మోటారు ప్రమాదాల కేసులలో చేస్తున్న సేవ ప్రశంసనీయం. వారి గోడ మీది బోర్డులో విదేశీ ఉద్యోగ ఒప్పందాలు అనే ఒక్క పంక్తి చేర్చడానికి కొత్త చట్టం అక్కరలేదు, కొత్త నిధులూ అక్కరలేదు. తర్ఫీదు పొందిన ఒక న్యాయవాది వారానికి ఒక పూట కూర్చుంటే చాలును.

రాష్ట్రంలో ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థ విదేశీ నియామకాలు జరుపుతున్నది. ప్రవాసాంధ్ర తెలుగు సంఘం సహాయ కేంద్రం నడుపుతున్నది. కేంద్ర ప్రభుత్వపు ప్రవాసీ సహాయ కేంద్రానికి 1800 11 3090, న్యాయసేవల సంస్థకు 15100 అనే ఉచిత ఫోను నంబర్లు ఉన్నవి. ఇవన్నీ మంచివే. అయితే కేరళతో పోల్చి చూడండి. అక్కడ నోర్కా శాఖ 1996లోనే ఏర్పడినది. విదేశాలలో చిక్కుకున్న తమ వారికి అక్కడి కోర్టులలో సాయపడే న్యాయ సహాయ విభాగం కూడా వారికి ఉన్నది. మనవాళ్లు తక్కువ మంది పోతున్నారా? లేదు. మనకు శవం వచ్చినప్పుడు కదిలే అలవాటు ఉన్నది గాని కాగితం వచ్చినప్పుడు కదిలే అలవాటు లేదు. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్ భవనంలో మంటలు రేగి అనేకమంది భారతీయులు మరణించినప్పుడు వారం రోజులు అందరమూ మాట్లాడినాము.

1983 చట్టం స్థానంలో కొత్త చట్టం తేవాలని 2021లో ఒక ముసాయిదా, 2025లో మరొక ముసాయిదా వెలువడినవి. వాటి గుణదోషాలు పెద్దలు చర్చిస్తారు. నా కోరిక ఒక్కటే. పదవ తరగతి గీత చెరపి, నైపుణ్యం గలవాని ఒప్పందాన్ని కూడా ఎవరో ఒకరు చదివే ఏర్పాటు ఉండవలెను. ఆ చదివేవాడు హైదరాబాదులో కాక, డోన్ వంటి ఊరిలో ఉండవలెను. ఊరు కూడా ఇప్పుడు 2022 నుండి రెవెన్యూ డివిజను కేంద్రం గదా!

మన కళాశాల విషయం. ఇక్కడ ఉర్దూ చదివే విద్యార్థులకు అరబ్బీ లిపి వచ్చును. అర్థం తెలియకున్నా అక్షరం కూడబలుక్కొని చదవగలరు. తెలుగు, ఇంగ్లీషు చదివేవారు ప్రక్కన ఉన్నారు. ఒక కాగితంలోని వృత్తి, జీతం, పని గంటలు, కఫీల్ పేరు, వీసా నంబరు, గడువు అనే ఆరు సంగతులు బయటికి తీయడానికి ఈ ముగ్గురూ, ఒక నిఘంటువూ చాలును. సందేహం ఉంటే న్యాయవాది వద్దకు పంపవచ్చును. ఉర్దూతో ఏమి ఉపయోగమని అడిగే తల్లిదండ్రులకు చూపడానికి కూడా ఇది పనికివస్తుంది. ఎవరు వస్తారండీ అని సహాధ్యాపకులు కొందరు నవ్వినారు. వారి మాటలో న్యాయం లేకపోలేదు. మన వాళ్లు పెండ్లి ముహూర్తం నలుగురిని అడుగుతారు గాని వీసాను గుట్టుగా ఉంచుతారు, దిష్టి తగులుతుందని. అయినా గత ఏడాది నుండి శనివారం సాయంకాలం గ్రంథాలయం ప్రక్క గదిలో మేము ఇద్దరమో ముగ్గురమో కూర్చుంటున్నాము. మొదటి రెండు నెలలు ఎవరూ రాలేదు.

పోయిన నెల ఒక తల్లి వచ్చినది. కొడుకు వెల్డరు, రియాద్‌కు పోనున్నాడు. అతడు రాలేదు, సిగ్గుపడి వీధిలోనే నిలబడినాడు. ఆమె కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన కాగితం బల్ల మీద పరచినది. "ఇది మంచిదేనా సార్, సూసి చెప్పు," అన్నది. మా సహాధ్యాపకుడు కళ్లద్దాలు తీసుకున్నారు. ప్రయాణం ఎప్పుడని అడిగినాను.

"ఇంకా పన్నెండు దినాలుండాది సార్."